పిల్లలకు వినికిడి లోపం అని తేలితే ఏం చేయాలి: మొదటి రోజు నుంచి బడి దాకా

బెరా అనే వినికిడి పరీక్ష రిపోర్టు చేతికిచ్చి "రెండు చెవులకూ సివియర్ హియరింగ్ లాస్ అండి" అన్నాక, ఆ తర్వాత వాళ్లు చెప్పేదేదీ బుర్రకెక్కదు. ఏం అడగాలో ఇంటికొచ్చాక ఒక్కొక్కటే గుర్తొస్తుంది, అప్పటికి చెప్పేవాళ్లు ఎదురుగా ఉండరు. మా బాబుకు రెండేళ్లు నిండకముందే ఈ సంగతి బయటపడింది. ఇప్పుడు రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టుకుని బడికెళ్తున్నాడు, ఇంట్లో ఉన్నంతసేపూ ప్రశ్నలతో నన్ను ఊపిరి తిప్పుకోనివ్వడు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది మీకు వరసగా చెప్తాను. మొదటే ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: వినికిడి తగ్గడం మన చేతిలో లేదు, బిడ్డకు భాష అందేలా చూడటం మాత్రం మన చేతిలోనే ఉంది, అయితే దానికి వయసు దాటిపోతుంది. ఏడుపొస్తే ఏడవండి, తప్పేం లేదు, కానీ దుఃఖం తీరాక చూద్దాంలే అని అపాయింట్‌మెంట్లు వాయిదా వేయకండి. రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

ఇంట్లోవాళ్ల సంగతి ముందు

మొదటి అడ్డంకి ఇంట్లోనే ఎదురవుతుంది. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి", "మగపిల్లలు లేటుగానే మాట్లాడతారు", "వస అరగదీసి నాకించండి, అవే వస్తాయి", "ఇంకో ఏడాది ఆగండి". అందరూ ప్రేమతో అనే మాటలే, కాదనను, కానీ ఆగిన ఏడాది తిరిగి రాదు. పైగా బిడ్డ ఏదో ఒక చప్పుడుకు తిరిగి చూస్తూనే ఉంటాడు. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడు, తలుపు ధడాలున పడితే అటు చూస్తాడు, "చూశావా, బాగానే వినపడుతోంది" అంటారు నానమ్మ. కుక్కర్ విజిల్ చాలా గట్టి శబ్దం. తలుపు పడితే నేల అదిరి కాళ్లకు తెలుస్తుంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 50, 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, గుసగుస 30 దగ్గర. పెద్ద చప్పుళ్లు తెలిసి, మాట మాత్రం అందని పిల్లలు ఎంతోమంది ఉంటారు. ఇదంతా నానమ్మకు నోటితో చెప్పి ఒప్పించాలని తంటాలు పడకండి, తర్వాతి పరీక్షకు ఆవిడనే వెంట తీసుకెళ్లండి. స్పీకర్లో శబ్దం పెంచుకుంటూ పోతున్నా మనవడు తల ఎత్తకుండా బొమ్మతో ఆడుకుంటూ ఉండటం ఒక్కసారి కళ్లారా చూస్తే, ఆ తర్వాత మీకు ఇంట్లో ఆవిడకన్నా పెద్ద అండ ఉండదు.

ఇక తప్పు ఎవరిదనే పంచాయితీ. గ్రహణం రోజు బయటికొచ్చిందని, కడుపుతో ఉన్నప్పుడు ఫలానాది తిన్నదని, మేనరికం చేసుకోవద్దంటే విన్నారా అని, ఎటు తిరిగినా తల్లి మీదకే వస్తుంది. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో నూటికి 90 మందికి పైగా బాగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. పుట్టుకతో వచ్చే వాటిలో జన్యు కారణాలే ఎక్కువ, వాటిలో తరచుగా కనిపించేది జీజేబీ2 అనే జన్యువులో మార్పు, అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తేనే బిడ్డలో బయటపడుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుందన్నది నిజమే, కానీ చుట్టరికం లేని ఇళ్లలోనూ వస్తుంది. మిగతావాటిలో గర్భంలో రుబెల్లా, సీఎంవీ ఇన్ఫెక్షన్లు, నెలలు నిండకుండా పుట్టడం, తీవ్రమైన పుట్టు కామెర్లు, మెనింజైటిస్, ప్రాణం నిలపడానికి ఇవ్వక తప్పని కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఉంటాయి. గ్రహణం ఎక్కడా లేదు. ఇది అందరి ముందు గట్టిగా చెప్పాల్సిన మనిషి బిడ్డ తండ్రి, తల్లి చేత చెప్పించకండి.

తల్లికి గానీ తండ్రికి గానీ వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పరీక్షలు పూర్తిగా చేయించండి

ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకండి. ఓఏఈ అనేది నిమిషాల్లో అయిపోయే స్క్రీనింగ్, లోపలి చెవి స్పందిస్తోందో లేదో చెబుతుంది, అంతే. చెవిలో గుబిలి ఉన్నా, జలుబు చేసి మధ్య చెవిలో నీరు చేరినా ఫెయిల్ వస్తుంది. ఇంకోవైపు వినికిడి నరం దగ్గర సమస్య ఉంటే ఓఏఈ పాస్ అయిపోయి అసలు విషయం దాగిపోవచ్చు. "పుట్టినప్పుడు పాస్ అన్నారు కదా" అని ఊరుకోకూడదు అనేది ఇందుకే, పైగా కొన్ని లోపాలు పుట్టాక నెలలకో ఏళ్లకో మొదలవుతాయి. ఎన్ఐసీయూలో ఉన్న పిల్లలకు ఓఏఈతో సరిపెట్టకుండా బెరా కూడా చేయాలి.

మీకు కావలసినవి ఇవి: మధ్య చెవి చూసే టింపనోమెట్రీ, మెదడు దాకా శబ్దం చేరుతోందా అని చూసే బెరా, వయసుకు తగ్గట్టు ఆటలా చేసే బిహేవియరల్ పరీక్ష. బెరా గురించి ఒక మాట. మామూలుగా చేసే క్లిక్ బెరా ఎక్కువగా సన్నటి స్వరాల దగ్గర వినికిడి ఎలా ఉందో చెబుతుంది. అందులో "నో రెస్పాన్స్" వచ్చినంత మాత్రాన లావు స్వరాల దగ్గర కూడా వినికిడి లేదని కాదు. కాబట్టి టోన్ బర్స్ట్ బెరా గానీ ఏఎస్ఎస్ఆర్ గానీ చేస్తారా అని అడగండి, ఏ స్వరానికి ఎంత వినపడుతోందో తెలియకుండా మిషన్ సరిగ్గా సెట్ చేయలేరు.

బెరాకు బిడ్డ నిద్రపోవాలి, ఇది అసలు తలనొప్పి. ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేయించండి, తలకు నూనె రాయకండి, నుదుటి మీదా చెవుల వెనకా అంటించే తీగలు నూనె ఉంటే పట్టుకోవు. దారిలో బస్సులోనో ఆటోలోనో నిద్రపోనివ్వకండి, కబుర్లు చెబుతూ బొమ్మలు చూపిస్తూ ఎలాగోలా మేలుకొలిపి ఉంచి, అక్కడికెళ్లాక పాలిచ్చి పడుకోబెట్టండి. నిద్ర మందు ఇస్తామంటే పాలు ఎప్పుడు ఆపాలో ముందే అడిగి పెట్టుకోండి.

ఖర్చు సంగతి: జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద నడిచే డీఈఐసీ కేంద్రాల్లో చిన్నపిల్లల వినికిడి సమస్యలకు చూపించుకోవచ్చు. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ పరీక్షలు, మిషన్లు, థెరపీ ఒకే చోట దొరుకుతాయి. మైసూరులో మాట, వినికిడి సమస్యలు చూసే జాతీయ సంస్థ ఆయిష్‌కు వెళ్లేవాళ్లూ మన దగ్గర చాలామందే. మాకు మొదట ఒక క్లినిక్‌లో "చిన్నపిల్లాడు కదా, ఐదేళ్లు వచ్చాక చూద్దాం" అన్నారు. మీకెవరైనా అలా అంటే ఆ ఫైలు పట్టుకుని వేరే చోటికి నడవండి. నెలల పసికందుకు కూడా పరీక్ష చేయొచ్చు, మిషన్ పెట్టొచ్చు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్, థెరపీ మొదలుపెట్టడం అనేది ప్రపంచమంతా పాటించే లెక్క. మీ బిడ్డకు ఆ వయసు దాటిపోయి ఉంటే దాని గురించి కుమిలిపోవద్దు, ఈ వారం మొదలుపెట్టండి.

రిపోర్టు చదవడం నేర్చుకోండి

ఆడియోగ్రామ్ కాగితంలో ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ లావు స్వరం నుంచి సన్న స్వరానికి, పై నుంచి కిందికి వచ్చేకొద్దీ చిన్న శబ్దం నుంచి పెద్ద శబ్దానికి. ఎర్ర సున్నా కుడి చెవి, నీలం ఇంటూ గుర్తు ఎడమ చెవి. గీత ఎంత కిందికుంటే అంత ఎక్కువ లోపం. సుమారుగా 40 లోపు మైల్డ్, 70 దాకా మోడరేట్ రకాలు, 90 దాకా సివియర్, ఆపైన ప్రొఫౌండ్. దాన్ని శాతంగా మార్చి "70 శాతం పోయింది" అని చుట్టాలకు చెప్పకండి, డెసిబెల్ శాతం కాదు.

డాక్టరును రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. మొదటిది, ఇది కండక్టివా, సెన్సరీ న్యూరలా? కండక్టివ్ అంటే బయటి లేదా మధ్య చెవి సమస్య, చాలాసార్లు మందుతోనో చిన్న ఆపరేషన్‌తోనో సరి చేయగలిగినది. సెన్సరీ న్యూరల్ అంటే లోపలి చెవి లేదా నరం, దానికి మందు లేదు. రెండోది, ఇది పెరిగే రకమా? పెరిగే అవకాశం ఉంటే కొన్ని నెలలకోసారి మళ్లీ పరీక్ష చేయాలి. ఇక "మైల్డే కదా" అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు చెప్తున్నాను, తరగతి గదిలో వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడికి మైల్డ్ లోపం కూడా సగం పాఠం ఎగరగొడుతుంది. ఒక చెవే పోయినా (గవదబిళ్లల తర్వాత ఒక్కోసారి ఇలా అవుతుంది) బడిలో ఇబ్బంది ఉంటుంది.

కారణం వెతకడం అవసరమే, కానీ దాని కోసం మిషన్ ఆపొద్దు. సెన్సరీ న్యూరల్ లోపం తీవ్రంగా ఉంటే కంటి పరీక్ష, ఈసీజీ ఒకసారి చేయించమని అడగండి, కొన్ని అరుదైన జబ్బుల్లో చెవితోపాటు కళ్లు, గుండె కూడా దెబ్బతింటాయి. చెవుడు మెనింజైటిస్ తర్వాత వచ్చిందైతే ఒక్క వారం కూడా ఆగకండి, లోపలి చెవి క్రమంగా ఎముకలా గట్టిపడిపోతుంది, అప్పుడు ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టడమే కష్టమవుతుంది. ఇంకో బిడ్డను కనాలనుకుంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. జీజేబీ2 లాంటి కారణమని తేలితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

చెవిలో నూనె పోయడాలు, నాటు మందులు, స్టెమ్ సెల్ అంటూ లక్షలు అడిగేవాళ్లు, వీటి జోలికి పోవద్దు. ఓటీఓఎఫ్ అనే ఒక్క జన్యు లోపానికి జీన్ థెరపీ ప్రయోగాలు మంచి ఫలితాలిచ్చాయని 2024లో వార్తలు వచ్చాయి, అవి నిజమే, కానీ అది అరుదైన ఒక్క రకానికి. దాన్ని నమ్ముకుని మిషన్ మానేయకూడదు.

మిషన్ పెట్టడం, పెట్టి ఉంచడం

పిల్లలకు చెవి వెనక పెట్టే బీటీఈ మిషనే సరైనది, లోపల దూర్చే చిన్నవి కాదు. రెండు చెవులకూ లోపం ఉంటే రెండింటికీ పెట్టాలి, ఒకటి కొని ఇంకోటి తర్వాత అనుకోవద్దు. డబ్బు అడ్డమైతే కేంద్రం ఇచ్చే అడిప్ పథకం కింద ఆదాయ ధ్రువపత్రం చూపించి ఉచితంగా తీసుకోవచ్చు, సికింద్రాబాద్ కేంద్రంలో కనుక్కోండి. మిషన్ బ్రాండ్ కన్నా దాన్ని సెట్ చేసే వినికిడి నిపుణుడు, అంటే ఆడియాలజిస్టే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. షాపులో "ఇది పెట్టుకుంటే సరిపోతుంది" అని కొలతలు లేకుండా ఇచ్చేది కొనకండి.

చెవి ఆకారానికి అచ్చు తీసి చేసే మోల్డ్ మెత్తటిది తీసుకోండి. ఏడాదిలోపు పిల్లలకు చెవి ఎంత త్వరగా పెరుగుతుందంటే కొద్ది నెలలకే మోల్డ్ వదులైపోతుంది. మిషన్ కీచుమని కూస్తోందంటే సాధారణంగా మోల్డ్ వదులైందనో, సరిగ్గా కూర్చోలేదనో, గుబిలి అడ్డం ఉందనో అర్థం. శబ్దం తగ్గించేసి కూత ఆపడం పరిష్కారం కాదు, అప్పుడు బిడ్డకు మాట కూడా తగ్గిపోతుంది.

మొదట్లో పీకి పారేస్తారు. అందరు పిల్లలూ అంతే. మా వాడు ఒకసారి మిషన్ తీసి పప్పు గిన్నెలో వేశాడు. చొక్కాకు దారంతో క్లిప్పు పెట్టండి, పలచటి నూలు టోపీ తొడగండి, అది పెట్టిన వెంటనే వాడికి ఇష్టమైన పని ఏదో ఒకటి మొదలుపెట్టండి. తీసేస్తే కోప్పడకుండా, నవ్వకుండా, ఏం జరగనట్టే మళ్లీ పెట్టండి. కొన్ని రోజులు పదిసార్లు, ఇరవైసార్లు పెట్టాల్సి వస్తుంది, పెట్టండి. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా చెవికి ఉండాలి, స్నానం చేయించేటప్పుడు తప్ప. "థెరపీకి వెళ్లేటప్పుడు పెడతాం, ఇంట్లో తీసేస్తాం" అనేవాళ్లను చాలామందిని చూశాను, ఆ పిల్లల్లో మాట ఎదగక తల్లిదండ్రులు మిషన్‌ను తిట్టుకుంటారు. రోజుకు ఎన్ని గంటలు వాడారో చాలా డిజిటల్ మిషన్లలో నమోదవుతుంది, ఆ లెక్క తీసి చెప్పమని ఆడియాలజిస్టును అడగండి.

పొద్దున చేయాల్సిన పని చెప్తాను, దీనికి ఐదు నిమిషాలు చాలు. రాత్రి మిషన్లను బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టి ఉంచుతారు కదా, మన వాతావరణంలో, ముఖ్యంగా కోస్తా ఉక్కలో, ఇది తప్పనిసరి. పొద్దున తీసి మోల్డ్ గొట్టంలో నీటి చుక్కలున్నాయేమో వెలుతురుకు పట్టి చూడండి, ఉంటే గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊదేయండి. కొత్త జింక్ బ్యాటరీ అయితే స్టిక్కర్ పీకి ఒక నిమిషం ఆగి వేయండి. ముందు మీరు వినండి, దానికి స్టెతస్కోపు లాంటి గొట్టం ఒకటి దొరుకుతుంది, బరబరమంటోందా, మధ్యలో ఆగిపోతోందా తెలుస్తుంది. తర్వాత మోల్డ్ కొసను చెవి కాలువలో పెట్టి, చెవిని కొంచెం వెనక్కి లాగి, పై భాగాన్ని మడతలోకి తిప్పి నొక్కండి. పెట్టాక బిడ్డ పక్కన కూర్చుని, నోరు కనపడకుండా, మామూలు గొంతుతో ఒక్కొక్కటే అనండి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. ఒక్కో శబ్దానికి డబ్బాలో ఒక్కో రింగు వేయడం నేర్పిస్తే రెండేళ్ల పిల్లాడు కూడా ఆడతాడు. దీన్ని లింగ్ సిక్స్ సౌండ్ టెస్ట్ అంటారు, మన మాటల్లోని లావు స్వరాల నుంచి సన్న స్వరాల దాకా ఈ ఆరు శబ్దాల్లో వచ్చేస్తాయి. నిన్న "స్"కు రింగు వేసిన పిల్లాడు ఇవాళ వేయలేదంటే మిషన్లోనో చెవిలోనో ఏదో తేడా ఉన్నట్టే, సాయంత్రం దాకా ఆగకుండా చూసుకోండి.

వాడేసిన బ్యాటరీలు పిల్లల చేతికి అందనివ్వకండి. బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదకొస్తుంది, పిల్లలు తీయలేని తాళం ఉన్న బ్యాటరీ తలుపు అడిగి వేయించుకోండి. చెవి కారుతుంటే మిషన్ తీసేసి ఈఎన్‌టీకి చూపించండి. తలంటు రోజు తల, చెవులు పూర్తిగా ఆరాకే పెట్టండి.

ఇంట్లో మాట

థెరపిస్టు దగ్గర బిడ్డ ఉండేది వారంలో ఒకట్రెండు గంటలు. మిగతా సమయమంతా మీ దగ్గరే ఉంటాడు, అసలు థెరపీ అక్కడే జరుగుతుంది. సెషన్‌లో మిమ్మల్ని బయట కూర్చోబెట్టే చోటు కన్నా, మీ చేత చేయించి చూపించే చోటు వెతుక్కోండి.

మొదట చేయాల్సింది ఇంట్లో రొద తగ్గించడం. టీవీ కట్టేయండి, అందరికన్నా పెద్ద శత్రువు అదే. మిక్సీ వేసేటప్పుడు మాట్లాడి ప్రయోజనం లేదు. ఫ్యాను చప్పుడు చేస్తుంటే బాగు చేయించండి. దగ్గరికి వెళ్లి మాట్లాడండి, దూరం సగానికి తగ్గితే మీ మాట 6 డెసిబెల్స్ పెరిగినట్టు, ఖర్చు లేకుండా. అరవకండి, అరిస్తే అచ్చులు మాత్రమే పెద్దవై హల్లులు చెదిరిపోతాయి. మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా, రాగయుక్తంగా.

చేసే ప్రతి పనీ మాటలో పెట్టండి. దోసె వేస్తున్నారనుకోండి: "పిండి ఏదీ? ఇదిగో పిండి. గరిటె తీసుకుందామా? పోసేద్దాం. చుయ్ అంటోంది, విన్నావా? చుయ్! అమ్మో, వేడి. తిప్పేద్దామా?" ఇలా. ముందు చెవికి వినిపించి, తర్వాత వస్తువు చూపించండి. ఏదైనా అడిగాక ఆగండి, వాడు మీ ముఖంలోకి చూస్తూ ఆలోచించుకునే ఆ కాసేపూ మీరే జవాబు చెప్పేయకుండా నోరు కట్టేసుకోవడం చాలా కష్టం, కానీ ఆగాలి. దాగుడుమూతలు ఆడండి, జోలపాట పాడండి, వినపడదని మానేయకండి, పాటలో రాగం లావు స్వరాల్లో కూడా ఉంటుంది కాబట్టి చాలామంది పిల్లలకు అదే ముందు అందుతుంది.

తెలుగులో ఒక చిక్కుంది. మనకు అర్థమంతా మాట చివర ఉంటుంది. తాగుతావా, తాగావా, తాగాడా, తాగనా, తేడా అంతా ఆ చివరి ముక్కలోనే, మనమేమో దాన్ని మింగేస్తాం. లోపం ఉన్న పిల్లలకు ముందు పోయేది అదే. అందుకని మాట చివర కాస్త నొక్కి పలకండి, పాలు "తాగావా", నీళ్లు "తాగుతావా" అంటూ రెండూ పక్కపక్కన పెట్టి ఆడించండి. ఇంకోటి, "కాన్వెంట్‌లో ఇంగ్లిషే కదా, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి" అని సలహాలిస్తారు. మీకు ఏ భాషలో కోపం, ముద్దు, కథ ధారాళంగా వస్తాయో అందులోనే మాట్లాడండి. ఒక భాష గట్టిపడితే దాని మీద రెండోది వస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకూ ఇదే చెప్తాను, అక్కడ మూడేళ్లలోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ సేవలు చట్టప్రకారం వస్తాయి, వాటిని వాడుకోండి, ఇంట్లో తెలుగు మాత్రం ఆపకండి.

కాక్లియర్ ఇంప్లాంట్ ఎప్పుడు

మంచి మిషన్లు పెట్టి, సరిగ్గా సెట్ చేసి, రోజంతా వాడినా మాట అందేంత వినపడకపోతే ఇంప్లాంట్ మాట వస్తుంది. సాధారణంగా సివియర్, ప్రొఫౌండ్ లోపం ఉన్న పిల్లలకు. ఇది మూడున్నరేళ్లలోపు జరిగితే మెదడు బాగా అందుకుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి, ఇంకా ముందైతే ఇంకా మంచిది. పుట్టుకతో వినపడని పిల్లలకు ఏడేళ్లు దాటాక పెడితే శబ్దం తెలుస్తుంది కానీ మాట రావడం చాలా కష్టం. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, కేంద్రం నుంచి అడిప్ కింద ఐదేళ్లలోపు పిల్లలకు సాయం ఉన్నాయి. వయసు హద్దులు, నియమాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, కాబట్టి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి ఇవాళ్టి నియమం తెలుసుకుని వెంటనే పేరు రాయించండి.

ఆపరేషన్‌కు ముందు సీటీ, ఎంఆర్ఐ తీస్తారు, న్యుమోకోకల్ టీకా వేయిస్తారు. ఆపరేషన్ అయిన రోజే వినపడదు. గాయం మానాక, మూడు నాలుగు వారాలకు, బయటి ప్రాసెసర్ పెట్టి స్విచాన్ చేస్తారు. అప్పుడు పిల్లలు చాలామంది ఏడుస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. తర్వాత మ్యాపింగులు, అంటే బిడ్డకు తగ్గట్టు ప్రాసెసర్‌ను మళ్లీ మళ్లీ సెట్ చేయడం, ఏళ్ల తరబడి థెరపీ. సంతకం పెట్టే ముందే అడగాల్సినవి: వారంటీ ఎన్నేళ్లు, తర్వాత కేబుల్, కాయిల్, బ్యాటరీల ఖర్చెంత, మీ ఊరికి దగ్గరలో మ్యాపింగ్ ఎక్కడ చేస్తారు. ఉచితంగా ఆపరేషన్ చేయించుకుని, కేబుల్ తెగిపోతే కొనలేక ప్రాసెసర్‌ను బీరువాలో పెట్టేసిన ఇళ్లున్నాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

సైగల భాష గురించి చాలామంది భయపెడతారు, "సైగలు నేర్పితే మాట రాదు" అని. సైగలు మాటను చంపవు. ఇంప్లాంట్ కోసం ఎదురుచూసే నెలల్లో, మిషన్ పనిచేయని పిల్లలకు, స్నానం చేసేటప్పుడు, ఈత కొట్టేటప్పుడు అవే దారి. ఏ భాషా లేకుండా మూడేళ్లు గడిచిపోవడమే అసలు ప్రమాదం. ఢిల్లీలోని ప్రభుత్వ సంజ్ఞా భాష కేంద్రం ఐఎస్ఎల్ఆర్టీసీ వాళ్లు భారతీయ సంజ్ఞా భాష నిఘంటువు వీడియోలు ఉచితంగా పెట్టారు, ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. వీలైతే పెద్దయిన బధిరులను, ఉద్యోగం చేసుకుంటూ సంసారం నడుపుకుంటున్నవాళ్లను కలవండి. బిడ్డ భవిష్యత్తు మీద బెంగ డాక్టరు మాటలకన్నా వాళ్లతో ఓ గంట గడిపితే ఎక్కువ తగ్గుతుంది.

కాగితాలు, బడి

ఒక ఫైలు పెట్టి పరీక్షల కాగితాలన్నీ తేదీల వరసన పెట్టుకోండి, ఫోన్లో ఫొటోలు తీసి ఉంచండి. సదరం క్యాంపుకు స్లాట్ బుక్ చేసుకుని వైకల్యం సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. ముద్ర పడిపోతుందని కొందరు తీసుకోరు, కానీ పథకాలకు, పింఛనుకు, పరీక్షల్లో సడలింపులకు అన్నిటికీ అదే ఆధారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన వైకల్యం అని ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు 80డీడీగా పేరుపడ్డ మినహాయింపు కింద ఆదాయంలో 75,000 రూపాయలు, 80 శాతం, ఆపైన లోపమైతే 1,25,000 మినహాయింపు వస్తుంది.

బడి విషయంలో, ఊళ్లో మామూలు బడే మొదట చూడండి, మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడి ప్రత్యేక టీచర్లతో మాట్లాడండి. సైగల భాషతో చదివించాలనుకుంటే బధిరుల పాఠశాలలున్నాయి, హైదరాబాద్ మలక్‌పేటలో, బాపట్లలో ప్రభుత్వానివి. అది ఓటమేం కాదు, బిడ్డకు ఏది అందుతుందో అదే మంచి బడి.

మామూలు బడిలో చేరిస్తే టీచరుకు ఒక కాగితం రాసివ్వండి. ముందు వరసలో, కిటికీ రోడ్డు వైపు లేని పక్క, బాగా వినపడే చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టమని. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దని. "అర్థమైందా" అని అడిగితే ప్రతి పిల్లాడూ తలూపుతాడు, కాబట్టి చెప్పింది తిరిగి చెప్పమనమని. డిక్టేషన్ ఇచ్చేటప్పుడు దగ్గరికొచ్చి చెప్పమని. మైకు టీచరు మెడలో ఉండి శబ్దం నేరుగా మిషన్‌కు వచ్చే ఎఫ్ఎం సెట్లు ఉంటాయి, స్తోమత ఉంటే అవి చాలా సాయం. బ్యాగులో చిన్న డబ్బాలో రెండు బ్యాటరీలు పెట్టండి. ఇక తరగతిలో పిల్లలు మిషన్ చూసి "అదేంట్రా" అని అడుగుతారు, ఏం చెప్పాలో మీ బిడ్డకు ఇంట్లోనే సాధన చేయించండి, మా వాడు "నా చెవి మిషన్, దీంతో నీ మాట వినపడుద్ది" అంటాడు, అంతే, వాళ్లు ఆటలో పడిపోతారు. మొదటి వారం కాసేపు బడి దగ్గరే ఉండి, బ్యాటరీ ఎలా మార్చాలో టీచరమ్మకు ఒకసారి చేసి చూపించి, రెండోసారి ఆవిడ చేతే వేయించండి.